గోరింక మింగేసిన 'ట'

అనగనగా ఒక అడవిలో నీళ్ళకంటే ముందు వార్త పంచేవాళ్ళు.

ఆ అడవిలో ఒక కుంట ఉండేది. కుంట పక్కన ఒక మద్దిచెట్టు ఉండేది. పొద్దు పొడవగానే జంతువులన్నీ నీళ్ళకు వచ్చేవి. ఆ వేళకు మద్దిచెట్టు కొమ్మ మీద ఒక గోరింక వచ్చి కూర్చునేది. ముందు అది వార్త చెప్పేది. తర్వాతే అన్నీ మూతి వంచి నీళ్ళు తాగేవి. ఏ దారిలో పులి తిరుగుతోంది, ఎక్కడ పళ్ళు రాలుతున్నాయి, ఎటువైపు వేటగాళ్ళు ఉచ్చులు పెట్టారు, ఇవన్నీ గోరింకే చెప్పాలి. కాళ్ళతో నడిచేవాళ్ళకు గుట్ట అవతలి సంగతి ఎలా తెలుస్తుంది?

ఆ వార్తలకు ఒక కట్టుబాటు ఉంది. గోరింక తన కళ్ళతో చూసిందైతే మామూలుగా చెప్పాలి. 'వాగు దగ్గర పులి ఉంది' అనాలి. ఇంకెవరైనా చూసిందైతే వాళ్ళ పేరు చెప్పాలి. 'వాగు దగ్గర పులిని నెమలి చూసింది' అనాలి. ఎవరు చూశారో తెలియకపోతే మాట చివర 'ట' పెట్టాలి. 'వాగు దగ్గర పులి ఉందట' అనాలి.

ఒక్క అక్షరం. అది వినిపిస్తే జంతువులు ఆగి ఆలోచించుకునేవి. వినిపించకపోతే నమ్మి నడిచేవి.

పిల్లలూ, ఈ 'ట'ను మీరు చాలాసార్లు వదిలేస్తుంటారు. 'రేపు బడి లేదు' అంటారు. ఎవరు చెప్పారని అడిగితే, 'ఎవరో అంటున్నారు' అంటారు. అప్పుడు 'బడి లేదట' అనాలి. రెండిటికీ ఎంత తేడా ఉందో ఈ కథ విన్నాక మీరే చెప్పండి.

గోరింక తల్లి కూడా అదే కొమ్మ మీద కూర్చుని వార్తలు చెప్పేది. చనిపోయే ముందు అది కూతురితో అంది:

"అమ్మాయీ, 'ట' పెట్టి చెప్పిన మాట తప్పయినా నువ్వు తప్పు చేసినట్టు కాదు. 'ట' మింగేసి చెప్పిన మాట నిజమే అయినా నువ్వు తప్పు చేసినట్టే."

గోరింక ఆ మాట చాలా ఏళ్ళు నిలబెట్టింది.

ఒక ఏడాది వానలు ముఖం చాటేశాయి. ఎండాకాలం వచ్చేసరికి కుంటలో నీళ్ళు మోకాటి లోతుకు దిగాయి. ఎర్రటి బురద నీళ్ళు. అయినా అందరూ తలా కొంచెం గొంతు తడుపుకుంటూ రోజులు నెట్టుకొస్తున్నారు.

ఆ రోజుల్లోనే ఎక్కడినుంచో ఒక కొండముచ్చు వచ్చింది. కుంటకు అవతలి వైపు ఒక పెద్ద బండ ఉంది. దాని మీదికెక్కి అది కూడా వార్తలు చెప్పడం మొదలుపెట్టింది.

"రండి, రండి! చిరుతపులికి పళ్ళన్నీ ఊడిపోయాయి! రేపటినుంచి గడ్డి తింటుంది!"

జంతువులు పడీపడీ నవ్వాయి. ఒక అడవిపంది ఆ వింత చూసొద్దామని వెళ్ళింది. ఒక చెవి పోగొట్టుకుని వచ్చింది.

"ఏం కొండముచ్చూ, పళ్ళు ఊడాయన్నావు కదా?" అంది పంది.

"పళ్ళు ఊడాయన్నాను గానీ, గోళ్ళు ఊడాయన్నానా?" అంది కొండముచ్చు.

అందరూ మళ్ళీ నవ్వారు. చెవి పోయిన పంది కూడా నవ్వింది. మర్నాడు అది అందరికంటే ముందే బండ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

కొండముచ్చు ఎప్పుడూ 'ట' పెట్టేది కాదు. పైగా గోరింకను ఏడిపించేది.

"అదిగో ట-పిట్ట! ఏమే ట-పిట్టా, ఇవాళ పొద్దు పొడిచిందా, పొడిచిందటా?"

మొదటి రోజు కుందేళ్ళు బండ దగ్గరికి వెళ్ళిపోయాయి. రెండో రోజు పందులు, నెమళ్ళు వెళ్ళిపోయాయి. మూడో రోజు అడవిదున్నల మంద కూడా అటే వెళ్ళింది. మద్దిచెట్టు కింద ఒక్క దుప్పి, దాని పిల్ల మిగిలాయి.

ఆ దుప్పి పేరు చుక్కమ్మ. పిల్ల పేరు లేతాకు. లేతాకులు తప్ప ఏదీ ముట్టేది కాదు కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది.

"వాళ్ళను పోనీ అక్కా. పిల్లగలదాన్ని, నాకు నీ మాటే కావాలి. నవ్వుకోడానికి వార్తలు వినేంత తీరిక నాకు లేదు" అంది చుక్కమ్మ.

"పెద్దమ్మా, కొండముచ్చు చెప్పే కథలు భలే ఉంటాయి. నువ్వూ అలా చెప్పొచ్చు కదా?" అంది లేతాకు.

"ఛీ, నోర్ముయ్! పెద్దమ్మ చెప్పేవి కథలు కావు" అని చుక్కమ్మ కసిరింది.

 అవతలి బండ దగ్గర నవ్వులు గోరింకకు వినబడుతూనే ఉన్నాయి. ఖాళీగా ఉన్న చెట్టు కింది నేల కనబడుతూనే ఉంది.

నాలుగో రోజు, ఇంకా వార్తల వేళ కాకముందే, ఒక గువ్వ వచ్చి కొమ్మ మీద వాలింది.

"అక్కా, విన్నావా? పైమడుగు నిండా నీళ్ళున్నాయట!"

పైమడుగు మూడు గుట్టల అవతల ఉంది. దారిలో ఎక్కడా చుక్క నీరు దొరకదు. రెక్కలున్నవాళ్ళకు అది ఒక పూట ప్రయాణం. కాళ్ళున్నవాళ్ళకు రెండు రోజులు.

"ఎవరు చూశారు?" అని గోరింక అడిగింది.

"ఏమో. కొంగ ఏదో అంటుంటే చెవిన పడింది. అప్పుడు నేను ఎగిరిపోతున్నాను. పూర్తిగా వినలేదు" అంటూ గువ్వ రెక్కలు విదిలించింది. "సరే, వస్తానక్కా. ఇంకా చాలామందికి చెప్పాలి."

వెళ్ళి చూసి రావాలి. గోరింకకు ఆ సంగతి తెలుసు. ఇప్పుడు బయలుదేరితే రేపు పొద్దున నిజం చెప్పొచ్చు. కానీ అప్పుడే కొండముచ్చు బండ ఎక్కుతోంది. గువ్వ అటే ఎగురుతోంది. రేపటిదాకా ఆగితే ఈ వార్త కొండముచ్చుది అవుతుంది.

గోరింక గొంతెత్తి అరిచింది.

"వినండి! పైమడుగు నిండా నీళ్ళున్నాయి!"

'ట' నాలుక చివరిదాకా వచ్చింది. గోరింక దాన్ని మింగేసింది.

అవతలి బండ దగ్గర సందడి ఆగింది. తర్వాత గిట్టల చప్పుడు. కుందేళ్ళు, నెమళ్ళు, దున్నలు, అన్నీ మద్దిచెట్టు కిందికి పరుగెత్తుకొచ్చాయి.

"విన్నారా? 'ట' పెట్టలేదు! అంటే చూసొచ్చింది!" అని ఒంటిచెవి పంది కేకలేసింది.

"గోరింక 'ట' లేకుండా చెప్పిందంటే ఇక తిరుగులేదు" అంది నెమలి.

బండ మీద కొండముచ్చు ఒక్కటే మిగిలింది. దాని నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. దాన్ని చూసి గోరింకకు కడుపు నిండినట్టయింది.

అప్పుడు చుక్కమ్మ గుంపును తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"అక్కా, వారం రోజులుగా తేల్చుకోలేకపోతున్నాను. ఈ బురదే తాగుతూ వాన కోసం చూడనా, పిల్లను తీసుకుని ఎటైనా పోనా అని. ఇక్కడుంటే ఇంకో పది పన్నెండు రోజులు ఎలాగోలా గడుస్తుంది. ఈలోపు వాన పడొచ్చు. నువ్వు చెప్పావు కాబట్టి ఇప్పుడే బయలుదేరతాను. నీళ్ళు లేకుండా నా పిల్ల ఒక్కసారి ఆ దారి నడవగలదు. అక్కడ నీళ్ళు లేకపోతే తిరిగి రావడం దానివల్ల కాదు. అందుకే ఇన్నాళ్ళూ భయపడ్డాను."

అలా అని చుక్కమ్మ తలెత్తి గోరింక వైపు చూసింది.

అప్పుడైనా గోరింక ఒక్క అక్షరం అంటే సరిపోయేది. 'ఉన్నాయట చుక్కమ్మా, నేను చూడలేదు' అంటే చాలు. కానీ చెట్టు కింద అంత గుంపు ఉంది. కొండముచ్చు అటువైపునుంచి చెవులు రిక్కించి వింటోంది. గోరింక ముక్కుతో రెక్క సవరించుకుంటూ ఊరుకుంది.

"పెద్దమ్మా, అక్కడి నీళ్ళు కూడా ఇలాగే ఎర్రగా ఉంటాయా? తేటగా ఉంటాయా?" అని లేతాకు అడిగింది.

"తేటగా ఉంటాయమ్మా" అంది గోరింక.

చూశారా పిల్లలూ? మొదట ఒక అక్షరం మింగింది. తర్వాత చుక్కమ్మ తన భయం చెప్పుకున్నా పెదవి విప్పలేదు. మూడోసారికి నేరుగా అబద్ధమే చెప్పేసింది. మొదటిదాని కంటే రెండోది తేలికైంది. రెండోదాని కంటే మూడోది తేలికైంది.

చుక్కమ్మ, లేతాకు వెంటనే బయలుదేరాయి. పిల్ల మెల్లగా నడుస్తుంది కాబట్టి ముందు పోవాలనుకున్నాయి. అడవిదున్నల మంద మర్నాడు బయలుదేరతానంది.

ఆ రోజంతా అందరూ గోరింకను పొగుడుతూనే ఉన్నారు. గోరింక మాత్రం ఒక్క పండు కూడా మింగలేకపోయింది. మర్నాడు తెల్లవారగానే, ఎవరికీ చెప్పకుండా, పైమడుగు వైపు ఎగిరింది. దారి మీదుగా ఎగిరితే చుక్కమ్మ కంట పడాలి. అందుకని పక్కగా, చుట్టు తిరిగి వెళ్ళింది. నీళ్ళుంటాయి, తప్పకుండా ఉంటాయి, అనుకుంటూ ఎగిరింది.

మిట్టమధ్యాహ్నానికి పైమడుగు చేరింది.

మడుగు అడుగున బురద ఎండి, పెళ్ళలు పెళ్ళలుగా పైకి లేచి ఉంది. పెళ్ళల సందుల్లో చేపముళ్ళు తెల్లగా కనిపిస్తున్నాయి. ఆ నడిమధ్య బక్కచిక్కిన కొంగ ఒకటి నిలబడి ఉంది.

"నీళ్ళేవి?" అంది గోరింక.

"ఏ నీళ్ళు?" అంది కొంగ.

"పైమడుగు నిండా నీళ్ళున్నాయని నువ్వే అన్నావట కదా!"

"ఉన్నాయి అనలేదు. ఉండేవి అన్నాను" అంది కొంగ. "'మడుగు నిండా నీళ్ళుండేవి, నీళ్ళ నిండా చేపలుండేవి, ఎంత బాగుండేదో' అని ఏడ్చుకున్నాను. ఎవరితోనూ అనలేదు. నాలో నేనే అనుకున్నాను."

 గోరింక ఈసారి దారి మీదుగానే వెనక్కి ఎగిరింది.

మూడో గుట్ట మొదట్లో ఒక రేగుపొద ఉంది. దాని పక్కన లేతాకు నేల మీద వాలిపోయి ఉంది. పొద నీడ పిల్లకు చాలడం లేదు. అందుకని చుక్కమ్మ ఎండలో నిలబడి, తన నీడ దాని మీద పడేలా చూసుకుంటోంది. పొద్దు జరిగినకొద్దీ తనూ జరుగుతోంది.

గోరింకను చూడగానే చుక్కమ్మ ముఖం విప్పారింది.

"వచ్చావా అక్కా! మంచి సమయానికి వచ్చావు. ఈ గుట్ట దాటితే మడుగే కదూ? పిల్ల లేవడం లేదు. నువ్వు ఎగిరిపోయి ముక్కుతో ఒక్క చుక్క పట్టుకురా. నాలుక తడిస్తే లేస్తుంది."

గోరింక కదల్లేదు.

"వెళ్ళక్కా. నీకెంతసేపు పడుతుంది?"

"నీళ్ళు లేవు చుక్కమ్మా."

"అయిపోయాయా? మొన్న నువ్వు చూసినప్పుడు మడుగు నిండా ఉన్నాయి కదా?"

"మొన్న నేను చూడలేదు. గువ్వ చెప్పింది."



"మరి 'ట' ఏదక్కా?" అంది చుక్కమ్మ.



లేతాకు కళ్ళు తెరిచే ఉన్నాయి. కడుపు ఎగసెగసి పడుతోంది. గోరింక రెక్కలతో విసిరింది. చుక్కమ్మ ఎండిన నాలుకతో పిల్ల మూతి నాకింది. లేతాకు ఇంకొంచెంసేపు ఊపిరి పీల్చింది. తర్వాత పీల్చలేదు.

ఈ సంగతి మీకు చెప్పకుండా దాటేద్దామా అనిపిస్తుంది. కానీ జరిగింది అదే. మార్చి చెప్పకూడదు.

గోరింక రెక్కలు ముడుచుకుంది.

"అందరూ కొండముచ్చు వైపే పోయారు చుక్కమ్మా. వాడే లేకపోతే నేను..."

"కొండముచ్చు మాట నేనెప్పుడూ నమ్మలేదు" అంది చుక్కమ్మ. "అందుకే వాడు నన్నేమీ చెయ్యలేకపోయాడు."

గోరింక తల దించుకుంది.

"అడవిదున్నలు ఇవాళ బయలుదేరి ఉంటాయి. వాటి వెంట ఆరు దూడలున్నాయి. నా దగ్గర కూర్చుని ఏం చేస్తావు? పో. పోయి వాటిని ఆపు" అంది చుక్కమ్మ.

"మరి నువ్వు?"

"నేను కాసేపు ఇక్కడే ఉంటాను. పిల్ల మీద ఎండ పడుతోంది."

గోరింక ఎగిరింది. గొంతు ఎండిపోయింది. రెక్కలు నొప్పెట్టాయి. అయినా ఎక్కడా వాలలేదు. పొద్దు వాలుతుండగా మొదటి గుట్ట మీద దున్నల మంద కనిపించింది. ముందు పెద్దదున్న నడుస్తోంది. వెనక పద్నాలుగు దున్నలు, వాటి మధ్య ఆరు దూడలు.

"ఆగండి! పైమడుగులో నీళ్ళు లేవు!"

పెద్దదున్న ఆగింది. "ఎవరు నువ్వు?"

"గోరింకను. మద్దిచెట్టు గోరింకను."

"భలేదానివే! ఆ గోరింక పైమడుగులో స్నానం చేసి, తడి రెక్కలతో వచ్చి మాకు చెప్పింది."

"తడి రెక్కలా? ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. ఒంటిచెవి పంది దగ్గరుండి చూసింది."

"ముక్కున చేపపిల్ల కూడా ఉంది" అంది వెనకనుంచి ఇంకో దున్న.

"ఆ నీళ్ళను ముందు కనిపెట్టింది తనేనని, గోరింక తర్వాత చెప్పిందని కొండముచ్చు ఒట్టేసి చెప్పింది" అంది మూడో దున్న.

"అయ్యో, ఆ గోరింకను నేనే! నేను స్నానం చెయ్యలేదు, చేపను తేలేదు, అసలు మడుగునే చూడలేదు. విన్నది చూసినట్టు చెప్పాను. తప్పు చేశాను!"

పెద్దదున్న తల అడ్డంగా ఊపింది.

"గోరింకలన్నీ ఒకలాగే ఉంటాయి. పసుపు ముక్కు, పసుపు కాళ్ళు. నువ్వు ఆ గోరింకవని ఎలా నమ్మమంటావు? ఆ గోరింక మా అమ్మ కాలంనుంచీ ఒక్క మాట తప్పు చెప్పలేదు."

"ఈసారి చెప్పాను!"

"చెప్పదు" అంది పెద్దదున్న. "మా గోరింకను ఏమన్నా అంటే బాగుండదు. దారి తప్పుకో."

మంద మళ్ళీ కదిలింది. అప్పుడు ఒక ముసలి ఆడదున్న తన మనవడితో సహా పక్కకు వచ్చి నిలబడింది.

"పిట్టా, నువ్వెవరైనా సరే. ఇప్పుడు చెప్పేది చూసి చెబుతున్నావా, విని చెబుతున్నావా?"

"చూసి చెబుతున్నాను. మడుగు అడుగున బురద ఎండి పెళ్ళలు లేచింది. పెళ్ళల సందున చేపముళ్ళున్నాయి. మూడో గుట్ట మొదట్లో రేగుపొద పక్కన దుప్పిపిల్ల చచ్చిపోయి ఉంది."

ముసలి దున్న దూడ వైపు చూసింది. "మేం వెనక్కి పోతాం" అంది.

"నీ ఇష్టం అత్తా. ఆ బురదే తాగు. మేం మడుగులో మునిగి తేలేటప్పుడు నిన్ను తలుచుకుంటాంలే!" అని పెద్దదున్న నవ్వింది. మందంతా నవ్వింది.

ముసలి దున్న, దాని మనవడు కుంట వైపు తిరిగాయి. పద్నాలుగు దున్నలు, ఐదు దూడలు ముందుకే నడిచాయి.

గోరింక వాటి ముందుకు ఎగిరి దారిలో వాలింది. గిట్టలు దాన్ని దాటిపోయాయి. కొమ్ముల మీద వాలి చెవుల్లో అరిచింది. తలలు విదిలించాయి. వీపుల మీద వాలింది. తోకలతో కొట్టి తోలేశాయి. గొంతు పోయి అరుపు రాకుండా అయ్యేదాకా అది ఒకదాని దగ్గరనుంచి ఇంకోదాని దగ్గరికి ఎగురుతూనే ఉంది.

"అమ్మా, ఆ పిట్ట ఎందుకలా ఏడుస్తోంది?" అని ఒక దూడ అడిగింది.

"నీళ్ళన్నీ మనమే తాగేస్తామని దాని ఏడుపు. నువ్వు త్వరగా నడు" అంది తల్లి.

దూడ త్వరగా నడిచింది.

నీతి: చూడనిదాన్ని చూసినట్టు చెప్పకూడదు, మనల్ని అందరికంటే ఎక్కువగా నమ్మినవాళ్ళే ఆ మాట పట్టుకుని ముందుగా బయలుదేరతారు, తర్వాత మనం నిజం చెప్పినా వాళ్ళను వెనక్కి తేలేం.